చూసి కూడా పలకలేదట!

తెలుగు చుట్టాలు అలగాలంటే ఒకప్పుడు గట్టి కారణమే కావలసి వచ్చేది. బొట్టు పెట్టి పిలవలేదనో, పెట్టిన చీర పక్కావిడ చీరకంటే తక్కువ రకమనో, బంతిలో రెండోసారి గారె వడ్డించలేదనో. వీటన్నిటికీ కనీసం ఒక పెళ్ళయినా జరగాలి. 2014 నవంబరులో వాట్సాప్, అవతలివాళ్ళు మెసేజీ చూశారని చెప్పే నీలి టిక్కులు తెచ్చి ఆ కొరత తీర్చింది. ఇప్పుడు ముహూర్తంతో పనిలేదు, మూఢంలో కూడా అలగవచ్చు.

ఇంత సదుపాయం ఉండి కూడా చాలామంది పెద్దలు వట్టి అనుమానంతోనే మూతి ముడుచుకుంటున్నారు. పద్ధతిగా అలగాలంటే ఆధారం ఉండాలి. ఫ్యామిలీ గ్రూపులో మీరు పెట్టిన మెసేజీని నొక్కిపట్టి ‘ఇన్ఫో’లోకి వెళ్ళండి. ఎవరు చదివారో, ఎవరికి చేరి ఊరుకుందో టైముతో సహా ఉంటుంది. గ్రూపులో అందరూ చదివితేగానీ టిక్కులు నీలం కావు. అంటే తాతయ్య ఫోను బీరువాలో ఉన్నంతకాలం అవి బూడిదరంగులోనే ఉంటాయి. వాటిని చూసి ‘అల్లుడుగారు ఇంకా చూసినట్టు లేదు, పాపం’ అని మోసపోయిన అత్తగార్లు ఎందరో. అల్లుడుగారు పొద్దున 10.42కే చూశారు.

తాము చదివినట్టు తెలియకుండా ఈ నీలి టిక్కుల్ని, అంటే రీడ్ రిసీట్స్‌ని, ఆపేసుకుని ధీమాగా తిరిగేవాళ్ళుంటారు. ఆ బటన్ గ్రూపుల్లో చెల్లదు. వాయిస్ మెసేజీ దగ్గరా చెల్లదు, విన్నారంటే మైకు గుర్తు నీలమై తీరుతుంది. అనుభవజ్ఞులైన మేనత్తలు టైపు చేయకపోవడానికి కారణం కళ్ళజోడు కాదు. తెరవకుండా నోటిఫికేషన్లోనే చదివేసి తప్పుకునే రకానికి వేరే మందుంది: మొదటి నాలుగు వరసలూ కుశలప్రశ్నలతో నింపి, డబ్బు సంగతి అట్టడుగున పెట్టాలి. కుశలమడిగారు కదా అని అసలు తెరవనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళమీద అలిగి ప్రయోజనం లేదు.

ఇక స్టేటస్. మొహం మీద అనలేని మాటను గులాబీపువ్వు బొమ్మ మీదికెక్కించి, ‘కొందరికి అవసరముంటేనే మనం గుర్తొస్తాం’ అని 24 గంటలు వేలాడదీసే ఈ విద్యలోనే ప్రమాదాలెక్కువ. అవతలివాళ్ళ ఫోనులో మీ నంబరు సేవ్ అయి లేకపోతే స్టేటస్ వాళ్ళకు కనబడదు. బాణం గాలిలో పోతుంది, ఏ సంబంధమూ లేని ఆఫీసు కొలీగు ‘ఏమైందండీ’ అని పలకరిస్తాడు. అంతకంటే ఘోరం ఇంకోటుంది. తోటికోడలికొక్కదానికే తగలాలని ‘ఓన్లీ షేర్ విత్’లో ఆవిడ పేరొక్కటే పెడతారు. ఆ సెట్టింగు ఆ స్టేటస్‌తో పోదు, మళ్ళీ మార్చేదాకా అలాగే కూర్చుంటుంది. మర్నాడు నిమ్మకాయలు తొక్కించిన కొత్త కారు ఫొటోలు ఓ పాతిక పెడితే, అవీ ఆవిడొక్కర్తే చూస్తుంది. మిగతా బంధుకోటి ‘కారు కొన్న ముక్క కూడా చెప్పలేదు’ అని అలుగుతుంది. వాళ్ళకా ముక్క చేరవేసింది ఎవరో చెప్పనక్కర్లేదు. ఎవరి దిష్టి తగలకూడదని ఇంత శ్రమపడ్డారో వాళ్ళ చేతిలోనే పాతిక ఫొటోలూ పెట్టినట్టు. పైగా మీరు రీడ్ రిసీట్స్ ఆపుకుని ఉంటే, ఆవిడ చూసిందన్న సంగతి కూడా మీకు తెలియదు.

గ్రూపు వదిలి వెళ్ళడం పెద్దల విద్య. దానికి 2022లో వాట్సాప్ చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. అంతవరకు పెదనాన్న లెఫ్ట్ అయ్యాడంటే గ్రూపు నడిబొడ్డున చాటింపు పడేది, నలుగురూ ఫోన్లు చేసి బతిమాలేవారు. ఇప్పుడు ఆ సంగతి అడ్మిన్లకే తెలుస్తుంది. గ్రూపు ఇన్ఫో అడుగున 60 రోజులపాటు వెళ్ళినవాళ్ళ జాబితా ఉంటుందిగానీ, అంత కిందికి దిగి చూసే ఓపిక ఎవరికుంది? అందుకని వెళ్ళేవాళ్ళు ముందు ‘అందరికీ నమస్కారం, ఇక సెలవు’ అని గ్రూపులో పెట్టి, నలుగురైనా చూశారని ఇన్ఫోలో రూఢి చేసుకుని మరీ వెళ్ళాలి. రాత్రి భోజనాలయ్యాక శ్రేష్ఠం. సీరియల్ టైములో వెళితే వెళ్ళినట్టే లెక్క కాదు.

తనను గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో ప్రైవసీలో కట్టడి చేసుకున్న మనిషిని అడ్మిన్ నేరుగా లాక్కురాలేడు. ఆహ్వానం పంపాలి, దానికి 3 రోజులే గడువు. అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడికైనా ఇంత కచ్చితమైన గడువు ఎన్నడూ పెట్టలేదు. మూడో రోజు సాయంత్రానికి మెత్తబడకపోతే మళ్ళీ పంపవలసింది అడ్మినే. పంపుతాడా లేదా అన్నది అతను అమ్మవైపు చుట్టమా, నాన్నవైపు చుట్టమా అన్నదాన్నిబట్టి ఉంటుంది.