టాక్సీ తోలినవాడి చేతిలో మైకు

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరం. అక్కడ టాక్సీ తోలిన స్కాట్ హార్టన్ అనే మనిషి రేడియోలో మైకు పట్టుకుని 2003 నుంచి ఇంటర్వ్యూలు చేస్తూనే ఉన్నాడు. ఆ ఏడాది మార్చిలోనే అమెరికా ఇరాక్ మీద పడింది. ఇప్పటికి ఆ ఇంటర్వ్యూలు ఐదు వేలు దాటాయి, చాలా మటుకు యుద్ధాల గురించే. ఒక మనిషి ఇరవై ఏళ్లకు పైగా ఒకే విషయం పట్టుకుని వేలాడితే మనవాళ్లు పిచ్చి అంటారు. మాకైతే అది ఓపిక అనిపిస్తుంది.

ఒక్క ఎపిసోడ్ విన్నా ఆయన పద్ధతి తెలిసిపోతుంది. ఫోన్ లైన్లో అవతల గారెత్ పోర్టర్ లాంటి జర్నలిస్టో, సీఐఏలో పనిచేసి బయటికొచ్చిన రే మెక్‌గవర్న్ లాంటివారో ఉంటారు. ఈయన అడిగే ప్రశ్న కంటే ముందు పెట్టే ఉపోద్ఘాతమే పెద్దది: ఏ ఏడాది ఏ వర్గానికి ఎవరు ఆయుధాలిచ్చారు, ఆ వర్గమే తర్వాత ఎవరి మీదికి తిరిగింది, మధ్యలో ఎవరు మాట మార్చారు, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చి అప్పుడు ‘ఇది కరెక్టేనా?’ అంటాడు. కొన్నిసార్లు విసుగొస్తుంది, నిజం చెప్పొద్దూ. కానీ నిన్నటి సంగతి ఇవాళ గుర్తుంచుకోని టీవీ చర్చల మధ్య ఆ ఉపోద్ఘాతమే అసలు సరుకు.

యుద్ధాన్ని ప్రశ్నించిన వాళ్లు అప్పట్లో టీవీలోనూ లేకపోలేదు. ఫిల్ డొనాహ్యూ ఉండేవాడు. ఎంఎస్‌ఎన్‌బీసీ అనే అమెరికా న్యూస్ చానల్లో అందరికంటే ఎక్కువమంది చూసే ప్రోగ్రాం ఆయనదే. ఇరాక్ మీద దాడికి కొన్ని వారాల ముందు, 2003 ఫిబ్రవరిలో, దాన్ని ఎత్తేశారు. యుద్ధ సమయంలో ఇలాంటి మొహం చానల్‌కి ఇబ్బంది అని లోపల రాసుకున్న కాగితం తర్వాత బయటపడింది. రేటింగులున్న డొనాహ్యూకి కుర్చీ లేకుండా పోయింది, టాక్సీ డ్రైవర్‌కి మాత్రం మైకు మిగిలింది. ఎలా?

హార్టన్ కార్యక్రమం లాస్ ఏంజెలెస్‌లోని కేపీఎఫ్‌కే స్టేషన్‌లో వారానికో అరగంట వచ్చేది. అది పసిఫికా అనే రేడియో సంస్థ వాళ్ల స్టేషన్. పసిఫికాను పెట్టిన లూయిస్ హిల్ రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టనని తిరగబడ్డ మనిషి. 1949లో బర్క్లీలో మొదటి స్టేషన్ మొదలైంది. సబ్బుల ప్రకటనలు ఉండవు, వినేవాళ్లు తలా కాస్త వేసుకున్న చందాలే ఆధారం. 1970లో హ్యూస్టన్‌లోని వాళ్ల ట్రాన్స్‌మిటర్‌ను కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకారుల ముఠా రెండుసార్లు బాంబులతో పేల్చినా స్టేషన్ మళ్లీ లేచింది. ఇందులో తమాషా ఏంటంటే హార్టన్ లిబర్టేరియన్, ప్రభుత్వం ఎంత చిన్నదైతే అంత మంచిదనే రకం. పసిఫికా పక్కా వామపక్షం. పన్నుల గురించి కూర్చోబెడితే అయిదు నిమిషాల్లో కొట్టుకుంటారు. అయినా యుద్ధం వద్దన్నచోట మాత్రం కలిశారు.

హార్టన్ పనిచేసే, యుద్ధాలను వ్యతిరేకించే యాంటీవార్ డాట్ కామ్ వెబ్‌సైట్ కథ ఇంకోటి. 2001లో సైట్‌ని హ్యాక్ చేస్తామని ఎవరో బెదిరిస్తే, దాన్ని నడిపే ఎరిక్ గారిస్ ఆ మెయిల్‌ని తీసుకెళ్లి ఎఫ్‌బీఐకి పంపాడు. ఎఫ్‌బీఐ ఏం చేసింది? ఆ బెదిరింపు గారిసే తమకు పంపాడని రాసుకుంది! దొంగతనం జరిగిందని స్టేషన్‌కి వెళ్తే మన పేరే దొంగల జాబితాలో ఎక్కించినట్టు. గారిస్ కోర్టుకెక్కితే, ఆయన గురించి రాసుకున్న 2004 నాటి ఒక ఎఫ్‌బీఐ మెమోను రికార్డుల్లోంచి తీసేయమని అప్పీలు కోర్టు చెప్పేసరికి 2019 అయింది.

అఫ్గాన్ యుద్ధాన్ని ఇక ముగించాలంటూ హార్టన్ పుస్తకం వేసింది 2017లో. అమెరికా సేనలు బయటపడింది 2021 ఆగస్టులో. ఆ అక్టోబర్‌లోనే న్యూయార్క్‌లో, ఇరాక్ యుద్ధానికి గట్టిగా గొంతు కలిపిన బిల్ క్రిస్టల్‌తో వాదనకు దిగి ప్రేక్షకుల ఓటుతో గెలిచాడు. యుక్రెయిన్ దగ్గర మాత్రం ఆయనతో మాకు పేచీ ఉంది. రష్యాను వాషింగ్టనే రెచ్చగొట్టిందని 2024లో లావుపాటి పుస్తకమే రాశాడు. నాటో విస్తరణ తప్పుల చిట్టా నిజమే కావచ్చు, కానీ సరిహద్దు దాటమని ట్యాంకులకు ఆర్డరిచ్చింది పుతిన్. ఆ బరువును ఇంకొకరి నెత్తిన పంచిపెట్టలేం. అక్కడి నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇంటికొచ్చిన మన మెడికల్ స్టూడెంట్లను 2022లో విమానాశ్రయాల్లో చూశాం.

పేచీ ఉన్నా ఆయన మాట మన చెవిన పడింది, ఎందుకంటే అక్కడ అలాంటి రేడియో ఉంది. మరి మన దగ్గర? రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా హైదరాబాద్‌లోగానీ విజయవాడలోగానీ ప్రైవేటు ఎఫ్‌ఎం సొంతంగా వార్త చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, అంతే. ట్రాఫిక్ జామ్ చెప్పొచ్చు, వాన పడుతుందని చెప్పొచ్చు. టీవీ చానళ్లకు, పేపర్లకు, యూట్యూబర్లకు లేని ఈ కట్టడి రేడియోకే ఎందుకో ఇన్నేళ్లుగా ఏ ప్రభుత్వమూ ఒప్పించేలా చెప్పలేదు. దీన్ని ఎత్తేయాలి, ముందుగా చిన్న స్టేషన్లకు. జహీరాబాద్ పక్కన మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. విత్తనాల గురించి, పాత పంటల గురించి, పాటల గురించి వాళ్లు ఎంతైనా మాట్లాడొచ్చు. ఊళ్లో జరిగిన సంగతిని వార్తగా చదవాలంటే మాత్రం రూలు ఒప్పుకోదు.