తప్పుడు కేసు పెట్టినవాళ్ల మీద కేసు ఎవరు పెట్టాలి?

పోలీసులకు అబద్ధపు ఫిర్యాదు ఇస్తే జైలు తప్పదని తప్పుడు కేసుల మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. చట్టంలో శిక్ష ఉన్నమాట నిజమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 217 కింద ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దీనికి ముందున్న పాత నేర చట్టం ఐపీసీ సెక్షన్ 182లో ఆరు నెలలు, వెయ్యి రూపాయలే.

కానీ అసలు చిక్కు రాయలేదు. ఈ సెక్షన్ కింద బాధితుడు నేరుగా కోర్టుకు వెళ్లలేడు. ఫిర్యాదు తీసుకున్న అధికారి గానీ, ఆయన పైఅధికారి గానీ, ఆయన అధికారం ఇచ్చిన మరో అధికారి గానీ కోర్టుకు రాసివ్వాలి.

గట్టు తగాదాలో మా బాబాయి మీద మోటారు దొంగతనం కేసు పెట్టారు. ఆ మోటారేమో రివైండింగ్ షాపులో ఉంది, రసీదుతో సహా దొరికింది. అప్పటికే నాలుగు నెలలు స్టేషన్ బయట బెంచీ మీద కూర్చున్నాడు. పిన్ని బజారుకు వెళ్లడమే మానేసింది. చివరికి పోలీసులు కేసు మూసేశారు. "మరి పెట్టినవాళ్ల సంగతేంటండీ?" అని అడిగితే, "ఒకే ఊరివాళ్లు, సర్దుకుపోండి" అన్నారు.

ఇంకొక మాట. సాక్ష్యం చాలక కేసు వీగిపోతే అది తప్పుడు ఫిర్యాదు అయిపోదు. తెలిసి తెలిసీ అబద్ధం చెప్పారని తేలాలి. ఈ తేడా చెప్పకపోతే నిజంగా దెబ్బతిన్నవాళ్లు స్టేషన్ గడప తొక్కడానికే భయపడతారు. దయచేసి ఆ ముక్క వ్యాసంలో చేర్చండి.