రామిఫికేషన్స్ వచ్చాయి, జరగండి!

బెజవాడలో ఈమధ్య ఏ సభకెళ్లినా శాలువా కన్నా ముందు 'రామిఫికేషన్స్' వచ్చేస్తోంది. బుడమేరు వాగు వరద మీద ఏసీ హాల్లో పెట్టిన సదస్సులోనూ అంతే. వక్తగారు మైకు సర్దుకుని, "దీని రామిఫికేషన్స్..." అని ఆగారు. ముందు వరుస పెద్దలు కళ్లు మూసుకుని తలలాడించారు. పక్కనున్న సత్యనారాయణపురం బాబాయి నా చెవిలో, "రాముడి గుడేమన్నా కడతారా?" అన్నాడు. ఊరుకోమన్నాను.

తెలియని పామరుల కోసం చెబుతున్నా. లాటిన్‌లో రామస్ అంటే కొమ్మ. అందులోంచి మొలిచిందీ మాట. మొదటి అర్థం, కొమ్మలుగా చీలడం. దానికి మనకు పాఠాలక్కర్లేదు. కృష్ణ నీళ్లు బందరు, ఏలూరు, రైవస్ కాలువలుగా చీలేది మన ఊళ్లోనే. రెండోది, ఒక పని చేస్తే దాన్నుంచి పుట్టుకొచ్చే చిక్కులు. ఈ అర్థంలో అది మామూలుగా ఒంటరిగా రాదు, మంత్రిగారి కారులాగా. దాదాపు అన్నీ బహువచనాలే.

వక్తగారు వాటిని సోషల్, ఎకనమిక్, మల్టీ డైమెన్షనల్ అని విడగొట్టారు. స్లైడు మీద చెట్టు బొమ్మ, కొమ్మకో రంగు. విరామంలో సమోసాలు అయిపోయాయని కేటరింగ్ కుర్రాడు చెబితే, ఒక రిటైర్డు ఇంజనీరుగారు గంభీరంగా, "దీనికీ రామిఫికేషన్స్ ఉంటాయి" అన్నారు.

తర్వాత ఆ వరదలో మునిగిన సింగ్‌నగర్ నుంచి వచ్చినాయన లేచి, "మళ్లీ గండి పడకుండా ఏం చేస్తన్నారండీ?" అని అడిగాడు. అది ఈ సదస్సు పరిధిలోకి రాదట.

ఏది వస్తుందయ్యా మీ పరిధిలోకి? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడి జనం డాబాలెక్కితే, డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపాల్సి వచ్చింది. నీళ్లు తీశాక వీధినిండా ఉబ్బిపోయిన పరుపులు, బురద కక్కుతున్న ఫ్రిజ్‌లు, ముక్కిపోయిన బియ్యం. ఈఎంఐ తీరని ఆటో ఇంజన్లో నీళ్లు. వీటికి పేర్లు లేవా? ఏరు పారే దారిలో ప్లాట్లు కోసిందెవడు, చూసీ చూడనట్టు సంతకం పెట్టిందెవడు? ఆ పేర్లు చెప్పడానికి నోరు రాక కదూ ఈ చెట్లూ కొమ్మలూ!

చివర్లో వందన సమర్పణ. నిర్వాహకుడు చేతులు జోడించి, "ఈ సభ వల్ల మనందరికీ మరిన్ని రామిఫికేషన్స్ కలగాలని ఆ దుర్గమ్మను ప్రార్థిస్తున్నాను" అన్నాడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.