మోహనలో ఎఫ్ కార్డు ఎందుకు?

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. విదేశాల్లోని మన సంఘాల్లో బ్యాండు కట్టే కుర్రాళ్లలో ఆ వరుస చూసేవాళ్లు తక్కువ. నేరుగా కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) వెతుక్కుంటారు. కీర్తన వినగానే పెద్దలు మొహం చిట్లించడానికి అసలు కారణం అక్కడుంది. పాపం, వాళ్లేమో డ్రమ్స్ మీద నెపం వేస్తారు.

డ్రమ్స్ తప్పేమీ లేదు. ఈ పాటలు పుట్టిందే కలయికలోంచి. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రీస్తు సువార్తను పల్లవి, అనుపల్లవి, చరణాల్లోకి తెచ్చారు. షికాగోలో గాస్పెల్ (నల్లజాతి చర్చి పాటల) సంగీతకారుడు థామస్ డోర్సీ చేసిందీ అలాంటి పనే. బ్లూస్ (నల్లజాతివారి లౌకిక పాటల శైలి) గాయని మా రెయినీ దగ్గర పియానో వాయించిన మనిషి ఆయన. 1932లో భార్యనీ, పురిటిబిడ్డనీ పోగొట్టుకుని ఆ దుఃఖంలో రాసిన ప్రార్థన గీతం ఈనాటికీ నల్లజాతి సంఘాల్లో సమాధి కార్యక్రమాల దగ్గర వినిపిస్తుంది. బ్లూస్ వాసన కొడుతోందని మొదట్లో కొన్ని చర్చీలు ఆయన్ని బయటికి పంపాయి కూడా. ఈ ఇద్దరికీ తాము కలిపే రెండు పక్కలూ చేతిలో ఉన్నాయి. మన బ్యాండ్లకు తరచుగా ఒక పక్కే ఉంటోంది.

ఉదాహరణకు మోహన రాగం తీసుకోండి. షడ్జం (స) సి అనుకుంటే స్వరాలు సి, డి, ఇ, జి, ఎ. అంతే. మధ్యమం (మ, అంటే ఎఫ్) లేదు, నిషాదం (ని, అంటే బి) లేదు. గిటారు పట్టినవాడు అలవాటుగా సి, ఎఫ్, జి వాయిస్తాడు. ఎఫ్ కార్డుతో మధ్యమం, జి కార్డుతో నిషాదం దొడ్డిదారిన లోపలికొస్తాయి. పాడేవాళ్లు సరిగ్గా పాడుతున్నా వినేవాళ్లకు రాగం జారిపోయినట్టుంటుంది. సి, ఎ మైనర్ రెండూ మోహనలోనే ఇముడుతాయి. మూడోది కావాలంటే జి, డి స్వరాలు మాత్రం పట్టుకుని బి వదిలెయ్యాలి. శంకరాభరణ రాగంలో ఈ చిక్కు లేదు, మూడు కార్డులూ హాయిగా నడుస్తాయి. మాయామాళవగౌళలో రిషభం (రి) డి ఫ్లాట్ కాబట్టి, మామూలు డి ఉన్న జి కార్డు పనికిరాదు. సి, డి ఫ్లాట్, ఎఫ్ మైనర్ సరిపోతాయి. ఇక ఆనందభైరవి రాగపు గాంధారం (గ) ఒక చోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపు మీద కీబోర్డు ఇ ఫ్లాట్‌ను కదలకుండా నొక్కి ఉంచితే రెండూ రాసుకుంటాయి. అక్కడ స-ప మాత్రం మోగించి చేతులు కట్టుకోవడం మేలు. కీబోర్డు వాయించేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన పని కూడా అదే.

తాళంలో జరిగే పొరపాట్లు ఇంతకన్నా మొండివి. మిశ్రచాపు తాళానికి ఏడు అక్షరాలు (లెక్కలు): మూడు, నాలుగు. డ్రమ్మర్ చెయ్యి ఎనిమిదికి అలవాటు పడింది కనుక చివర ఒక దెబ్బ అదనంగా వేస్తాడు, ప్రతి ఆవర్తనంలోనూ (తాళం చుట్టు) పాట కుంటుతుంది. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒకటి మీద, స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) నాలుగు, ఆరు మీద పెడితే చాపు నడక దానంతటదే వస్తుంది. ఎనిమిది అక్షరాల ఆదితాళంలో ఇంకో ఉచ్చు ఉంది. కొన్ని పాటలు తాళం పడ్డాక అర అక్షరం ఆగి ఎత్తుకుంటాయి. డ్రమ్మర్ మొదటి మాటనే మొదటి దెబ్బ అనుకుంటే పాటంతా అర అక్షరం పక్కకు జరిగిపోతుంది. పాటకు ముందు ఒక ఆవర్తనం హై-హ్యాట్ (జంట సింబల్స్) మీద ఖాళీగా నడిపించి గాయకుణ్ణి ఎత్తుకోనివ్వాలి.

నిజంగా అతుకు కనపడకుండా కలిసేది ఆది తిశ్రగతి, అంటే ఆదితాళంలో ప్రతి అక్షరాన్నీ మూడుగా విడగొట్టడం. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. గాస్పెల్ వాళ్లు నెమ్మదిగా ఊపే పన్నెండు-బై-ఎనిమిది (బారుకు పన్నెండు చిన్న లెక్కలు) రెండు బార్లు వేస్తే సరిగ్గా అంతే. మన బ్యాండ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కణ్ణించి అని నా అభిప్రాయం.

శ్రుతి మాటకొస్తే, మంద్ర (కింది) నిషాదం నుంచి తార (పై) గాంధారం దాకా వెళ్లే కీర్తనను ఒకటి శ్రుతిలో (సి) ఎత్తుకుంటే పై గాంధారం దగ్గర సంఘం సగం నోరు మూసుకుంటుంది. ఆరున్నరకు (బి ఫ్లాట్) దించండి. గిటారుకు మూడో ఫ్రెట్‌లో కేపో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) బిగించి జి ఆకారాలు పడితే చాలు. తబలా మాత్రం అంత దిగకపోవచ్చు, అప్పుడు కుడిదాన్ని పంచమానికి (ప) కలపాలి. చలికాలం హీటర్ గాలికి చర్మం ఆరి బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది, కాబట్టి ప్రసంగం అయ్యాక మళ్లీ చూసుకోవాలి.

చివరిది తెర. పిల్లల కోసం ఇంగ్లీషు అక్షరాల్లో వేసే సాహిత్యంలో పడు, పాడు ఒక్కలాగే కనిపిస్తాయి. దీర్ఘం ఉన్నచోట అచ్చు రెండుసార్లు వెయ్యండి. పంక్తి విరిచేటప్పుడు ప్రాస ఉన్న పాదం మొదలయ్యే చోటే విరవండి, తెరలో పట్టినంత వరకూ అని కాదు. బ్యాండు ఊపు కోసం హ్రస్వాన్ని సాగదీస్తే దేవుని సన్నిధిలో పడుతున్నామో పాడుతున్నామో పిల్లలకు తెలియదు.