సవరణ: ద్వారం ముందు స్తంభం గురించి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఫంక్షన్ హాళ్ల భద్రతపై రాసిన గత వ్యాసంలో, బయటి ద్వారానికి కాస్త ముందు, ఒక పక్కకు జరిపి స్తంభం నిలబెడితే జనం త్వరగా బయటపడవచ్చన్న వాక్యాన్ని కొందరు నిర్మాణ సూచనగా తీసుకున్నందున ఈ వివరణ ఇస్తున్నాను. ఆ ఫలితం 2000లో హెల్బింగ్, ఫార్కాష్, విచెక్ అనే పరిశోధకులు ప్రచురించిన, జనం కదలికల కంప్యూటర్ నమూనాలోనిది. తర్వాత మనుషులతో జరిపిన ప్రయోగాలు అన్నీ ఒకే మాట చెప్పలేదు.

అదే నమూనా చూపిన మరో విషయంలో మార్పు లేదు: తోపులాట పెరిగినకొద్దీ, గరాటు మూతిలో వడ్లు బిగుసుకున్నట్టు, ఇరుకు ద్వారం దగ్గర భుజాలు ఒరుసుకొని జనం కమానులా కట్టుకుపోతారు, నిదానంగా నడిచినప్పటికన్నా ఆలస్యంగా బయటపడతారు. కాబట్టి పెళ్లిళ్ల సీజన్‌లో పూలకుండీలనో ఐస్‌క్రీం బల్లనో దారికి అడ్డంగా పెట్టడానికి స్తంభం గురించిన ఆ వాక్యం ఆధారం కాదు. రెండో తలుపుకు తాళం వేసి ఉంచే హాలుకైతే ఈ స్తంభం చర్చే అనవసరం.