డేకేర్‌కి ముందు పట్టించే పారాసిటమాల్

పొద్దున బిడ్డ ఒళ్లు కాలుతూ ఉంటుంది. అమ్మో నాన్నో పారాసిటమాల్ సిరప్ పట్టిస్తారు. కాసేపటికి ఒళ్లు చల్లబడుతుంది, బిడ్డ నవ్వుతూనే హోమ్ డేకేర్‌లో దిగుతుంది. నాలుగైదు గంటల్లో మందు పనిచేయడం తగ్గిపోతుంది. మధ్యాహ్నం నిద్రలేచేసరికి జ్వరం మళ్లీ మొదలు. తమ ఇంట్లోనే నలుగురైదుగురు పిల్లల్ని చూసుకునే ఆడవాళ్లను ఎవరిని అడిగినా ఈ కథే చెబుతారు.

తల్లిదండ్రులకు బాధ్యత లేదని తేల్చేయడం సులువు. నాకు మాత్రం తప్పు ఎక్కువగా నిబంధనల్లోనే కనిపిస్తుంది. నిజం చెబితే సెలవు పెట్టాలి, ఆ రోజు ఫీజూ పోతుంది. చెప్పకపోతే కనీసం మధ్యాహ్నం దాకా పని నడుస్తుంది. ఇలాంటి లెక్కలో నిజాయితీ ఎన్నాళ్లు నిలుస్తుంది?

పైగా 'జ్వరముంటే తీసుకురావద్దు' అన్న నియమం అనుకున్నంత రక్షణ ఇవ్వదు. ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది. తట్టయితే దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచే. బుగ్గలు ఎర్రబడే ఫిఫ్త్ డిసీజ్‌లో దీనికి తలకిందులు: ఎరుపు చూసి మనం భయపడే వేళకు అంటుకునే దశ దాదాపు ముగిసిపోయి ఉంటుంది. చేతులు, కాళ్లు, నోటి మీద పొక్కులు వచ్చే జబ్బులో బిడ్డ కోలుకున్నాక కూడా మలంలో వైరస్ వారాల తరబడి పోతూనే ఉంటుంది. గుమ్మం దగ్గర థర్మామీటర్ పట్టుకుని నిలబడితే ఇవేవీ ఆగవు. పసిపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే, నలుగురిలో పెరిగే పిల్లలకు ఇంకా ఎక్కువ. కారే ప్రతి ముక్కునూ ఇంటికి పంపితే డేకేర్ తెరిచి ఉంచడమే దండగ. చీమిడి పచ్చగా మారిందని డాక్టర్ చీటీ అడగడం మరీ విడ్డూరం. జలుబు ముదిరే తీరే అది, ఆ రంగును బట్టి యాంటీబయాటిక్ అవసరమని చెప్పలేం. పేలైతే అసలు జబ్బే కాదు, ఆ రోజు సాయంత్రం చెప్పి పంపినా సరిపోతుంది.

అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం ఇచ్చే మార్గదర్శకాల్లో ప్రశ్నలు వేరేగా ఉంటాయి. బిడ్డ మిగతావాళ్లతో ఆడగలిగేలా ఉందా? మిగతా పిల్లలకు లోటు రాకుండా ఈ బిడ్డను చూసుకోగలమా? వచ్చిన జబ్బు ఇతరులకు నిజంగా ప్రమాదకరమా? ఇళ్లలో నడిచే చోట రెండో ప్రశ్నే కీలకం. పెద్ద సెంటర్‌లో ఒకరు వాంతి తుడుస్తుంటే ఇంకొకరు మిగతా పిల్లల్ని పట్టుకుంటారు. ఇక్కడ ఉన్నది ఒక్క మనిషి. డైపర్ మార్చేదీ ఆమే, పాలు కలిపేదీ ఆమే. జ్వరంతో చంక దిగని బిడ్డ ఒకవైపు, పాకుతూ ప్రతిదీ నోట్లో పెట్టుకునే బిడ్డ ఇంకోవైపు ఉంటే ఆమె ఎటు పరిగెత్తాలి? అలాంటి రోజున 'అంటుకుంటుంది, తీసుకెళ్లండి' అనడం కంటే 'ఇవాళ నా వల్ల కాదు' అని చెప్పడమే నిజం. అలా చెప్పే వెసులుబాటు ఒప్పందంలో ముందే ఉండాలి.

గట్టిగా ఉండాల్సిన చోట్లు లేకపోలేదు. మూడు నెలల్లోపు చంటిబిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ తాకిందంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. వాంతులు, డైపర్ దాటి కారే విరేచనాలు ఉంటే ఇంట్లోనే ఉంచాలి. అవి ఆగిన 24 గంటల తర్వాత రావచ్చని కొన్నిచోట్ల, 48 గంటలు ఆగాలని మరికొన్నిచోట్ల నియమం. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద హ్యాండ్ శానిటైజర్ పెద్దగా పనిచేయదు, సబ్బూ నీళ్లే దిక్కు.

దాచడంలో అసలు ప్రమాదం వైరస్ కంటే మందుతోనే ఉంది. పొద్దున ఇంట్లో పట్టించిన సంగతి తెలియక, తల్లిదండ్రుల దగ్గర ముందే తీసుకున్న అనుమతితో డేకేర్ నడిపే ఆమె వెంటనే ఇంకో మోతాదు పట్టించవచ్చు. పారాసిటమాల్ మోతాదు మించితే దెబ్బ కాలేయానికి. అందుకే గుమ్మం దగ్గర అడగాల్సింది 'జ్వరముందా' అని కాదు, 'ఏ మందు, ఎంత, ఎన్నింటికి పట్టించారు' అని. ఆ జవాబు విని బిడ్డను వెనక్కి పంపిస్తే మాత్రం మర్నాటి నుంచి నిజమైన జవాబు రాదు.

ఇక డబ్బు సంగతి. జబ్బు రోజుల్లో ఫీజు కొంత తగ్గించమని ఆమెను అడగవచ్చు గానీ, భారమంతా ఆమె మీదే పెట్టడం న్యాయం కాదు, ఆమెదీ అంతంతమాత్రపు రాబడే. ఇది పని ఇచ్చేవాళ్లూ ప్రభుత్వమూ పంచుకోవాల్సిన ఖర్చు. స్వీడన్‌లో జబ్బుపడ్డ బిడ్డ కోసం పని మానుకుంటే బిడ్డకు ఏడాదికి 120 రోజుల దాకా, జీతంలో దాదాపు 80 శాతం భత్యంగా వస్తుంది. అలాంటి ఏర్పాటు ఉన్నచోట సిరప్ పట్టించి పరిగెత్తాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం, చూసుకునే మనిషి ఆరోగ్యం. పసిపిల్లల లాలాజలంలో, మూత్రంలో సైటోమెగలోవైరస్ ఉండటం చాలా మామూలు. ఆమె గర్భిణి అయితే అది కడుపులోని బిడ్డ వినికిడిని దెబ్బతీయగలదు. ఫిఫ్త్ డిసీజ్ కూడా గర్భిణులకు ప్రమాదమే. మామూలు జ్వరంతో ఆమె ఒక్కరోజు పడుకున్నా నాలుగైదు కుటుంబాలకు ఒకేసారి దారి మూసుకుపోతుంది. ఆ రోజు పిల్లల్ని ఎవరు చూస్తారో, ఫీజు ఎలాగో చేర్చుకునే రోజునే రాసుకోవాలి. ఆ వచ్చే రెండో మనిషిని పిల్లలకు ముందే అలవాటు చేయాలి.