ప్రిఫరెన్స్ పాయింట్ గారికి ఉభయకుశలోపరి

మహారాజశ్రీ ప్రిఫరెన్స్ పాయింట్ గారి దివ్య సముఖమునకు,

డాలస్ శివార్ల నుంచి తమ నాలుగు పాయింట్ల భక్తుడు వ్రాయునది. వేట అనుమతి కాగితానికి (ట్యాగ్ అంటారు) తీసే డ్రాలో, ఏటా డబ్బు కట్టి ఒక్కొక్కటిగా కూడబెట్టుకుంటే వరసలో ముందుకు జరుపుతానని మాటిచ్చే పాయింటు తమరే కదా. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, ఈ ఏడాది కూడా బాగా పెరిగారని పొద్దున్నే తెలిసింది.

తొమ్మిదీ పదికి ఆఫీసు స్టాండప్ కాల్‌లో ఉన్నాను. నా వంతు వచ్చింది. నిన్న ఏం చేశానో చెప్పాను, ఇవాళ ఏం చేస్తానో చెప్పాను, "ఏమైనా అడ్డంకులున్నాయా?" అంటే "లేవు" అనబోతుండగా ఫోన్‌లో డ్రా ఫలితం మెయిల్ పడింది. విల్లు వేట, మగజింక ట్యాగ్, నాన్ రెసిడెంట్ (అంటే ఆ రాష్ట్రంవాడు కానివాడు), అన్‌సక్సెస్‌ఫుల్. దరఖాస్తు చేసినందుకు ధన్యవాదాలట. వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించమని మనవట. పెళ్లిచూపులకొచ్చి బజ్జీలు తిని, "ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం" అని వెళ్లినవాళ్లలో కూడా ఇంత మర్యాద చూడలేదు.

నేను 2022లో తమరి దగ్గర మొదటి పాయింటు కొన్నాను. అప్పటి పట్టికల ప్రకారం నేనడిగిన జోన్‌కి మూడు పాయింట్లు చాలు. మూడు కూడేసరికి నాలుగు కావాలన్నారు. సరే, నాలుగు కూడబెట్టాను. పోయినేడు నాలుగు పాయింట్లున్న ప్రతివాడికీ ట్యాగ్ వచ్చింది, వందకు వంద, ఆ కాగితం ప్రింట్ తీసి మరీ ఫ్రిజ్ మీద అంటించాను. ఈ ఏడాది ఐదున్నవాళ్లకు ఇచ్చాక మిగిలినవి నాలుగున్నవాళ్లలో కొందరికి లాటరీ వేశారట. ఆ కొందరిలో నేను లేను. ట్యాగ్ డబ్బు వెనక్కి పంపుతారు, పాయింటు డబ్బు మాత్రం తమరి హుండీలోదే. ఏడాదికి అరవై డాలర్ల పైచిలుకు. దీన్ని దక్షిణ అనుకోవాలో ముడుపు అనుకోవాలో చెప్తే ఎక్సెల్‌లో ఆ కాలమ్‌కి సరైన పేరు పెట్టుకుంటాను.

రాష్ట్రం పేరు రాయను. మొక్కజొన్న పండే రాష్ట్రం, ఆ మాట చాలు. పేరెత్తితే మా ఆవిడ లేచి వేరే గదిలోకి వెళ్తోంది.

అసలు నాకు వేరే రాష్ట్రాలకు పోయే ఖర్మేమిటని కొందరడుగుతారు, టెక్సస్‌లో జింకలు లేవా అని. ఎందుకు లేవండీ, ఈ దేశంలో ఇన్ని జింకలున్న రాష్ట్రం ఇంకోటి లేదు. కాకపోతే ఇక్కడ నేలలో నూటికి తొంభై అయిదు వంతులు ప్రైవేటు. కంచె, గేటు, గేటుకు తాళం, కంచె స్తంభాల మీద ఊదారంగు పెయింటు. ఊదారంగు వేస్తే లోపలికి రాకూడదని చట్టమే ఉంది, బోర్డు కూడా అక్కర్లేదు. లోపలికెళ్లి వేటాడాలంటే కొందరు దొరలు అడిగే లీజు డబ్బుతో తెనాలి పక్కన కొంచెం నేల కొనుక్కోవచ్చు. అందుకని నాలాంటివాళ్లు పబ్లిక్ ల్యాండ్ వెతుక్కుంటూ, మ్యాప్‌లో ఆకుపచ్చ ముక్కలు చూసుకుంటూ ఉత్తరానికి పోతాం. (ఆ ముక్కల్లో కొన్నిటికి నాలుగు వైపులా ప్రైవేటు పొలాలే. భూమి మాత్రం ప్రజలది, హెలికాప్టరుంటే దిగొచ్చు.)

తమరితో నాకున్న ముఖ్యమైన గొడవ ఆ "నాన్" అనే అక్షరాలతో. ఇండియాలో దిగితే నన్ను నాన్ రెసిడెంట్ ఇండియన్ అంటారు. ఇక్కడ హెచ్1బీ మీద పద్నాలుగేళ్లుగా నాన్ ఇమిగ్రెంట్‌ని. పోనీ మనుషులు లేని అడవిలోకి పోదామంటే అక్కడా నాన్ రెసిడెంటే. దానికి తోడు తమరి పేరులోని ప్రిఫరెన్స్. నా గ్రీన్‌కార్డు దరఖాస్తు ఉన్న వరస పేరు కూడా ఉద్యోగాల రెండో ప్రిఫరెన్సే, ఇంగ్లీషులో ఆ మాటకి అర్థం ఏదో మంచిదే ఉండాలి, నా అనుభవంలో మాత్రం "తర్వాత చూద్దాం" అని. ఏ దేశానికైనా ఏడు శాతం మించకూడదన్న లెక్కతో ఆ వరస ఎలా కదులుతుందో తమరికి చెప్పక్కర్లేదు, బహుశా తమరిద్దరూ ఒకే గురుకులంలో చదువుకుని ఉంటారు. గ్రీన్‌కార్డు వరసలో వంతు తేదీ ముందుకొస్తుంది, ఓ నెల మళ్లీ వెనక్కి పోతుంది. తమరి వరసలో నేను మెట్టెక్కిన ప్రతిసారీ మెట్లే ఒకటి పెరుగుతాయి. ఆ నాన్ ఇమిగ్రెంట్ హోదాలో తుపాకీ జోలికి పోతే ఏ రూల్ ఎక్కడ గుచ్చుకుంటుందోనన్న టెన్షన్‌తోనే కదా, విల్లయితే గొడవ లేదని కాంపౌండ్ బో కొన్నాను. అరవై పౌండ్ల బరువు లాగడానికి భుజం మూడు నెలలు ఏడ్చింది. ఆ విల్లు మీద పదకొండు శాతం ఫెడరల్ పన్ను ధరలోనే కలిసి ఉంటుంది, 1937లో తుపాకులతో మొదలుపెట్టి తర్వాత విల్లులకూ తగిలించిన పన్ను, అది రాష్ట్రాలకు వన్యప్రాణుల కోసం పంచుతారు. మంచి పనే, కాదనను. మొక్కజొన్న రాష్ట్రానికి కూడా అందులో వాటా వెళ్తుంది. ఆ పన్నును మాత్రం నాన్ రెసిడెంట్‌ది అని ఎవరూ వెనక్కి పంపలేదు సుమండీ.

తిరుమలలో సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నానండీ నేను, రాత్రంతా. పిల్లల ఏడుపులు, గోవిందనామాలు, పక్కాయన మోకాలు నా డొక్కలో. అయినా పాలిచ్చారు, ఉప్మా పెట్టారు, ముందు గది తలుపు తీస్తే మేం ముందుకే పోయాం, వెనక్కి పోలేదు. ఆఖర్న ఒక్క క్షణమైనా స్వామి కనిపించాడు. తమరి కంపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్లుగా కూర్చున్నాను. ఉప్మా సంగతి దేవుడెరుగు, నా వెనక కూర్చున్నవాళ్లెంతమందో, అసలు తలుపు ఏ వైపుందో కూడా తెలియదు.

ఇంట్లో సంగతులు కూడా చెప్తాను, తమరికి తెలియాలి. ఇక్కడి మగజింకలకి (బక్ అంటారు) నవంబరు మొదట్లో మదమెక్కుతుంది, రట్ అంటారు. మిగతా ఏడాదంతా చీకట్లో తప్ప కదలని ముసలి మగజింక ఆ పది పదిహేను రోజులూ పట్టపగలు, ముక్కు నేలకేసి, ఆడజింకల వెంట పిచ్చిదానిలా తిరుగుతుంది. పగటి నిడివి తగ్గడాన్ని బట్టి వచ్చే కాలం కాబట్టి ఏటా అవే రోజులు, మన పంచాంగంతో దానికి పనిలేదు. మన పంచాంగం ప్రకారం అవి సరిగ్గా దీపావళీ కార్తీకమాసమూ. ఈ ఏడాది దీపావళి నవంబరు 8. అంటే 7వ తేదీ సాయంత్రానికి నేను ఇంట్లో ఉండాలి, తలస్నానం చేసి, జింక వాసన లేకుండా. ఆ తర్వాత కార్తీకం, ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగరు. "ఏవండీ, శివుడికి దీపం పెట్టే నెలలో మీరు ఆ మాంసం పెట్టె తెచ్చి ఎక్కడ పెడతారు?" అని మా ఆవిడ అడిగింది. గరాజ్ ఫ్రీజర్‌లో, కార్తీకం వెళ్లేదాకా తెరవను, తాళం నీ దగ్గరే ఉంచుకో అన్నాను. రెండు వారాలు నడిచిన చర్చలివి. ఆఫీసులో ఆ వారం సెలవు కోసం మెమోరియల్ డే, జూలై నాలుగు, థాంక్స్‌గివింగ్, మూడు పండగలూ ఆన్‌కాల్ నేనే చూస్తానని రాసిచ్చాను. మెమోరియల్ డే అయిపోయింది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచి కూర్చుని, నవంబరు కోసమేగా అని నవ్వుకున్నాను కూడా. నాన్న అయితే తెనాలి నుంచి ఫోన్ చేసి, "ఒరేయ్, మన దగ్గర జింక జోలికెళితే జైల్లో పెడతారు, 1972 నుంచీ చట్టముంది, మీ దగ్గర డబ్బు కడితే చంపనిస్తారా?" అన్నాడు. "డబ్బు కట్టినా చంపనివ్వట్లేదు నాన్నా" అని ఇవాళ చెప్పాలి. ఎలాగూ సంతోషిస్తాడు.

సరే, ఇవన్నీ ఉన్నవే. ఆకు కదిలినా మా ఇంటి ఇంగువ పోపు వాసన పట్టేసే ఆ జింకల ముక్కులూ, ఒక్క వారాంతంలో పెద్ద బక్ కొట్టేసి చెట్టు మీద నుంచి గుసగుసలాడే యూట్యూబ్ వీరులూ, చంపిన జింకను తల, వెన్నెముకతో సహా రాష్ట్రం దాటించకూడదని, ప్రయాన్ అనే చెడిపోయిన ప్రొటీన్ వల్ల జింకల మెదడుకొచ్చే అంటురోగం పాకకుండా పెట్టిన నియమమూ (అది న్యాయమైనదే, 1960లలో కొలరాడోలో బయటపడ్డ రోగం ఇప్పుడు ఎన్ని రాష్ట్రాలకు పాకిందో చూస్తున్నాం కదా), వీటిలో దేనిమీదా నాకు కోపం లేదు. ఒక్క చెట్టు విషయంలోనే తట్టుకోలేకపోతున్నాను.

మార్చిలో మంచు కరిగాక ఆ మొక్కజొన్న రాష్ట్రానికి పదకొండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాను. ఆకులు లేని అడవిలో పోయినేటి జింకల జాడలు కళ్లకి కట్టినట్టు కనిపిస్తాయి, అందుకే అప్పుడే వెళ్లాలి. పార్కింగ్ నుంచి మైలున్నర నడిచాను, వాగు దాటడానికి నడుం దాకా రబ్బరు బూట్లు వేసుకుని, అంత దూరం ఎవడూ రాడులే అని. వాగు వంపు తిరిగి ఎత్తుగడ్డను ఒరుసుకుంటూ పోయే చోట, గడ్డకీ నీళ్లకీ మధ్య ముప్పై గజాల సందుంది. వెళ్లే జింక, వచ్చే జింక, అన్నీ ఆ సందులోంచే నడవాలి. అక్కడ నా తొడంత లావు సీడర్ చెట్టుకి బెరడు మోకాలి నుంచి ఛాతీ దాకా కొమ్ములతో చెక్కేసి ఉంది. చిన్న జింక కొమ్ములకి అంత చెట్టు మీద చెయ్యేసే ధైర్యం ఉండదు. గీతల లోతులో వేలు పెట్టి చూశాను, జిగురు గట్టిపడి ఉంది. దానికి ఇరవై రెండు గజాల దూరంలో ఒక తెల్ల ఓక్, విల్లుతో ఎక్కి కూర్చోడానికి వీలుగా పదిహేనడుగుల ఎత్తులో రెండుగా చీలింది. వాయవ్యం గాలి వీస్తే నా వాసన వాగు మీదుగా పోతుంది. నైరుతి గాలికి ఇంకో చెట్టు చూసిపెట్టాను. (ఫోన్‌లో నేను వాయవ్యం, నైరుతి అంటుంటే మా అత్తగారు ఇల్లు కొంటున్నామనుకుని వాస్తు సిద్ధాంతి నంబరు పంపారు.) ఆ ఓక్ మొదట్లో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాను. నవంబరు మూడో తారీఖు, తెల్లవారుజాము, సూర్యోదయానికి అరగంట ముందు, మంచు పట్టిన ఆకుల మీద అడుగుల చప్పుడు. అంతా కళ్ల ముందే జరిగిపోయింది. ఇల్లు చేరాక గరాజ్‌లో పది గజాల నుంచి రోజుకు నలభై బాణాలు.

ఏం పాయింటువయ్యా నువ్వు? మొదటిరోజే రానని చెప్పొచ్చుగా? ట్యాగ్‌లు ఇన్నే ఉంటాయని తెలుసు, ఏటా లోపలికొచ్చే జనం అంతకు ఎక్కువని తెలుసు, ట్యాగ్ అడక్కుండా పాయింటు ఒక్కటీ కొని మూట కట్టుకునేవాళ్లు వేలమంది ఉన్నారని, వాళ్లందరూ ఏదో ఒక ఏడు ఒక్కసారిగా మీదపడతారని కూడా నీకు తెలుసు, అయినా నాలుగు చాలన్నట్టు పట్టికలేసి చూపిస్తావు. నువ్వమ్మేది జింక కాదు, వేట కాదు, వరసలో నిలబడ్డ నీడ. దానికి మళ్లీ రసీదు. ఈ పాటికి ఆ ఊళ్లోవాడు ఒకడు, చిల్లర డబ్బుతో దుకాణంలో ట్యాగ్ కొనుక్కుని, నా ఓక్ చెట్టు చూసి "అబ్బో, మంచి చీలిక" అనుకుంటూ ఉంటాడు. వాడి తప్పేం లేదు, వాడి ఊరు, వాడి వాగు. తప్పంతా నీదే. నువ్వు లేకపోతే వట్టి లాటరీ ఉండేది, రాకపోతే అదృష్టం లేదని నోరు మూసుకునేవాణ్ణి. నువ్వొచ్చి ఆశకి లెక్క నేర్పావు. దరిద్రమంతా అక్కడే.

క్షమించాలి. మాట జారింది. మళ్లీ తమరు అంటాను.

మధ్యాహ్నం లాప్‌టాప్ మూసేసి మిజోరీ రాష్ట్రం సంగతి చూశాను. ఆ మహాతల్లి డ్రా గిట్రా లేకుండా విల్లు లైసెన్సు నేరుగా అమ్ముతుంది, నాన్ రెసిడెంట్‌వి అయితే ఎక్కువ కట్టు నాయనా అంటుంది, అంతే. మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్ పదిహేను లక్షల ఎకరాలు, సెప్టెంబరు 15 నుంచి విల్లు సీజను, దారి కూడా దగ్గర. రెండేళ్ల క్రితం అక్కడే ఒక ఆడజింక దొరికింది, ఎండుమిర్చి, ధనియాలు దంచి చేసిన వేపుడు మా అబ్బాయి ఇప్పటికీ గుర్తుచేస్తాడు. సెలవెలాగూ ఉంది, థాంక్స్‌గివింగ్ ఎలాగూ అమ్ముడుపోయింది. అక్కడికే వెళ్తాను. కొండలన్నీ ఓక్ చెట్లే, ఎక్కడ చూసినా కాయలే, జింక ఎటు పోతుందో దాని తల్లికి కూడా తెలియదు, అయినా వెళ్తాను.

ఇంతా రాసి, పొద్దుటి మెయిల్ తుడిచేద్దామని మళ్లీ తెరిచాను. కింద సన్న అక్షరాల్లో ఇంకో వరస ఉంది, కోపంలో చూడలేదు. ప్రస్తుత పాయింట్లు: 5. ఈ ఏడాది ఐదున్నవాళ్లందరికీ వచ్చిందని చెప్పాను కదా, వందకు వంద. ఎక్సెల్‌లో 2027 అని కొత్త షీట్ తెరిచాను. ఆ ఏడు దీపావళి అక్టోబరు నెలాఖరుకే పడుతోంది, అంటే నవంబరు మొదటి వారమంతా ఖాళీ. కార్తీకం సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఫ్రిజ్ మీది కాగితం తీసేశాను, కొత్తది ఇంట్లో అందరూ పడుకున్నాక అంటిస్తాను.

ఇట్లు,
తమ ఐదు పాయింట్ల విధేయుడు

తా.క.: ఆ వాగు పక్క ఓక్ ఎక్కడుందో తమరికి తెలిస్తే ఎవరికీ చెప్పొద్దని ప్రార్థన.